ఇంజన్ చాలైంది

కొడుక్కి సంబంధాలు చూడాల్సిన వయసులో కనకలక్ష్మికి సవతి పోరు వచ్చి పడింది. సవతి అంటే మనిషి కాదు, కారు. ఆ పేరు ఆవిడ పెట్టిందే. పాలు పోసే గంగమ్మ దగ్గర్నుంచి ఇంటివాళ్ల దాకా అందరితోనూ "మా సవతి" అనే చెప్పేది, మొహంలో నవ్వన్నది లేకుండా.

అది జర్మనీలో తయారైన కారు. పొడుగ్గా, మీగడ రంగులో, కూర్చుంటే లోపలికి దిగిపోయే సీట్లతో ఉండేది. ఒకప్పుడు రాజమండ్రిలో ఒక కలప వ్యాపారి దాన్లో దర్జాగా ఊరేగాడు. ఆయన కొత్తది కొనుక్కుని దీన్ని వదిలించుకోబోతుంటే, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా అప్పుడే రిటైరైన విశ్వేశ్వరరావు ఎగిరి గంతేసి తీసుకున్నాడు. ఆ తర్వాత కొడుకు ఉదయ్ భాస్కర్‌కి హైదరాబాదులో, కొత్తగా లేచిన సైబర్ టవర్స్‌లో ఉద్యోగమొచ్చింది. మొగుడూ పెళ్లాం ఆ కారులోనే వచ్చి మాదాపూర్‌లో అద్దెకి దిగారు. దారి పొడుగునా అది ఆయిలు తాగుతూ వచ్చింది, కక్కుతూ వచ్చింది.

ఆ కక్కుడే తగాదా. కనకలక్ష్మి తెల్లారగానే గేటు ముందు చిమ్మి, నీళ్లు చల్లి, చుక్కలు పెట్టి ముగ్గు వేసేది. ఆయన కారు షెడ్డులోంచి తీసి సరిగ్గా ఆ ముగ్గు మీదే నిలబెట్టి, ఇంజన్ వేడెక్కాలంటూ కాసేపు ఉంచేవాడు. కారు కదిలేసరికి ముగ్గు నడిమధ్యన నల్లటి మడుగు. పద్మం వేస్తే పద్మంలో, తాబేలు వేస్తే తాబేలు వీపు మీద. రోజూ ఇదే భాగోతం. ఇల్లుగలావిడ వెంకటలక్ష్మిది అనంతపురం వైపు, ఉన్నదున్నట్టు మొహం మీద అనేసే మనిషి. మీ కారుకి అజీర్తి చేసిందేమో చూపించండమ్మా అని ఆవిడ అంటే కనకలక్ష్మికి తల కొట్టేసినట్టయ్యేది.

విశ్వేశ్వరరావు ఊరుకున్నాడా అంటే, పాపం, ఊరుకోలేదు. ప్యాకింగులు మార్పించాడు. ఇక్కడ ఆపితే అక్కడ కారింది, అక్కడ ఆపితే ఇంకోచోట. కింద గోనెపట్టా పరిచాడు, ఇసక పోశాడు. చివరికి ఓ రోజు ఆవకాయ కలిపే పెద్ద బేసిన్ తెచ్చి కారు కింద పెట్టాడు. ఆ రోజు కనకలక్ష్మి ఆయనతో రెండు పూటలా మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఆయన గమనించాడా, అదీ లేదు. బేసిన్ నిండిందో లేదో చూసుకుంటూ కూర్చున్నాడు. మగవాళ్లకి ఏ వయసులో ఏ పిచ్చి పడుతుందో ఎవరు చెప్పగలరు.

ఇంతలో ప్రగతి నగర్‌లో కట్టుకుంటున్న సొంతిల్లు పూర్తి కావొచ్చింది. పోర్టికోలోకి తెల్లటి టైల్స్ కావాలని కనకలక్ష్మి కాళ్లరిగేలా కొట్లు తిరిగి మరీ ఏరుకుంది. పురోహితుడు యజ్ఞనారాయణ గృహప్రవేశానికి ముహూర్తం పెట్టి అటు వెళ్లాడో లేదో, ఆవిడ మొగుడికి తేల్చి చెప్పేసింది. ఒక్క చుక్క కూడా కార్చకుండా ఉంటేనే మీ కారు ఆ గేటు దాటి లోపలికొస్తుంది, లేదంటే అమ్మేయండి, మధ్యేమార్గం లేదు అంది. ఆయన కాసేపు టైల్స్ కేసి చూసి, సరేలే అన్నాడు.

మర్నాడే కారుని నానక్‌రామ్‌గూడ తీసుకెళ్లాడు. కనకలక్ష్మి కూడా వెళ్లింది, ఆయన మాట మారుస్తాడేమోనని. ఊరి బయట పెద్ద బండల పక్కన ఉన్న రేకుల షెడ్డు, పెద్దన్న అనే మెకానిక్‌ది. పాత విదేశీ కార్లంటే ఆ చుట్టుపక్కల అందరూ అతని పేరే చెప్తారు. చేతులు ఎంత పని చేస్తాయో నోరు అంతకు రెండింతలు చేస్తుంది. కారు కిందికి దూరి, బయటికొచ్చి, తనకంటే గొప్ప మెకానిక్ జర్మనీలో కూడా లేడని ఒకసారి గుర్తు చేసి, అప్పుడు అసలు సంగతి చెప్పాడు.

"ఇగ పైపైన జేస్తే గాదు సార్. లోపల ఆయిల్ ఆపే సీళ్లన్నీ గట్టివడ్డయి. ఇంజన్ దించాలె, అన్నీ మార్చి మళ్ల ఎక్కియ్యాలె. మోగిందా, మీ అదృష్టం. మోగలేదా, ఇగ దాని మీద ఆశ ఇడిసిపెట్టుర్రి."

విశ్వేశ్వరరావు కారు బానెట్ మీద చెయ్యేసి, దించమన్నాడు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేవాడిలా ఉంది ఆ మొహం. కనకలక్ష్మికి లోపల ఏదో చివుక్కుమంది గాని, బయటపడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆవిడ ముగ్గులు సాయంత్రం దాకా చెక్కుచెదరలేదు. ఆయన మాత్రం పొద్దున్నే తిని, ఆటో పట్టుకుని షెడ్డుకి పోయి, విప్పిన ఇంజన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పెద్దన్న గొప్పలన్నీ వినేవాడు. పొద్దు వాలాక గోళ్లలో నలుపుతో ఇంటికొచ్చేవాడు.

ఓ రోజు ఆయన ప్రగతి నగర్‌లో పెయింటు పని చూడ్డానికి వెళ్లినప్పుడు ఫోను మోగింది. పెద్దన్న, నానక్‌రామ్‌గూడలో రూపాయి ఫోను నుంచి చేస్తున్నాడు. వెనక రోడ్డు కోసం బండలు పేలుస్తున్న మోత. సగం మాటలు ఆ మోతలోనే కొట్టుకుపోయాయి. మిగిలినవి ఇవి:

"అమ్మా, ఇంజన్ చాలైంది. ఇగ వచ్చి తీస్కపొమ్మని జెప్పుర్రి సార్‌కు."

ఏమిటని అడిగేలోగా రూపాయి అయిపోయి ఫోను కట్టయింది. కనకలక్ష్మి రిసీవర్ పెట్టేసింది. చాలైందట. అన్నం చాలంటే చాలు, బతుకు చాలంటే చాలు, దానికి మళ్లీ అర్థం అడగాలా? మొదట మాత్రం పీడా వదిలిందనుకుంది. అనుకున్న వెంటనే సిగ్గేసింది.

సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుని భోజనానికి కూర్చున్నాక చెప్పింది.

"పెద్దన్న ఫోన్ చేశాడండీ. ఇంజన్‌కి ఇక చాలట. వచ్చి తీసుకుపొమ్మన్నాడు."

నీ నోటి వాక్కు ఫలించిందిలే అని విశ్వేశ్వరరావు దెప్పినా బాగుండేది, దెప్పలేదు. పెరుగన్నం తినకుండా లేచిపోయాడు. మర్నాడు షెడ్డుకి వెళ్లనే లేదు. పేపరు తీసి, చదివిన పేజీనే చదువుతూ కూర్చున్నాడు. సాయంత్రం పాత ఇనుము వ్యాపారి రామచంద్రానికి ఫోను చేసి, బండి షెడ్డులో ఉంది, రేపు పొద్దున లారీ తెచ్చి పట్టుకుపొమ్మని చెప్పాడు. నేను రాను, చూడలేను అన్నాడు ఫోనులో. తర్వాత కారు తుడిచే పసుపురంగు గుడ్డ ఉతికి, ఆరేసి, మడతపెట్టి తెచ్చి కనకలక్ష్మి చేతికిచ్చాడు.

"వంటింట్లోకి పనికొస్తుంది" అన్నాడు.

ఆ గుడ్డ పట్టుకున్నాక ఇక ఆవిడ వల్ల కాలేదు. వంటింట్లోకెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ కారు ఆయన ఎందుకు కొన్నాడో ఆవిడకి తెలియదా? సర్వీసంతా ఆయన డిపార్టుమెంటు జీపులో తిరిగాడు. అందరి భార్యలూ జీపుల్లో బజారుకెళ్లేవాళ్లు. ఈయనకి మాత్రం గవర్నమెంటు బండంటే గవర్నమెంటు పనికే, పెళ్లాన్ని ఎక్కించుకోవడం మహా పాపం. చంటి ఉదయ్‌ని చంకనేసుకుని ఆవిడ బస్టాపులో ఎండకి మాడుతుంటే, ఈయన జీపు ఆ ముందునుంచే ఖాళీ సీటుతో దుమ్ము రేపుకుంటూ పోయేది. ఆవిడ ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. ఆయనా ఒక్కనాడూ ఆ ప్రస్తావన తేలేదు. రిటైరైన నెలలోనే ఈ ఓడంత కారు తెచ్చి గుమ్మం ముందు ఆపి, ముందు తలుపు తీసి పట్టుకుని, ఇక ఎవరినీ అడగక్కర్లేదు, ఎక్కు అన్నాడు. అంతే. అన్నేళ్ల బాకీకి ఆ ఒక్క మాటే జవాబు. అలాంటిదాన్ని, నాలుగు టైల్స్ కోసం చేజేతులా పాత ఇనుముకి పంపుతోంది తను.

పొద్దున్నే స్నేహితురాలు జయంతి వాళ్లింటికని అబద్ధమాడి, ఆ గుడ్డ సంచిలో వేసుకుని, ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడ పొమ్మంది. దారంతా తవ్విన గుంతలే. ఆటోవాడు నిదానంగా పోతుంటే ఆవిడ త్వరగా పొమ్మని తొందరపెట్టింది. ఇంజన్ చస్తే చచ్చింది, కారుని పోర్టికోలో ఊరికే నిలబెట్టుకుందాం, తెల్ల టైల్స్ మీదే, ఆయన రోజూ తుడుచుకుంటాడు అనుకుంది. లారీ తనకంటే ముందు చేరకపోతే చాలని వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది.

లారీ ముందే చేరింది. తాళ్లు కూడా దించారు. షెడ్డు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడి పెద్దన్న కేకలేస్తున్నాడు. సార్ కబురు పెట్టాడయ్యా అని రామచంద్రం, మీ సార్‌కు దిమాగ్ ఖరాబైందని పెద్దన్న. కనకలక్ష్మి ఆటో దిగి పరుగులాంటి నడకతో మధ్యలోకెళ్లి, కారుని ఎవరూ ముట్టుకోవద్దంది. పెద్దన్న కోపం ఆవిడ మీదికి తిరిగింది.

"గిట్ల జేస్తరా అమ్మా? చాలైందని నేనే ఫోన్ జేస్తి గద. చాలైన బండిని పాత ఇనుముకు అమ్ముతరా ఎవరన్నా?"

"చాలన్నావు కాబట్టే కదా నాయనా, అమ్మేస్తున్నది" అంది కనకలక్ష్మి.

పెద్దన్న నోరు మొదటిసారి మూతపడింది. ఆవిడ కేసి చూశాడు, లారీ కేసి చూశాడు. ఏళ్ల తరబడి కోస్తావాళ్లతోనూ ఇక్కడివాళ్లతోనూ బేరాలాడిన రామచంద్రానికి ముందుగా వెలిగింది. తల పట్టుకుని లారీ మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలెట్టాడు. పెద్దన్న మాట్లాడకుండా కారెక్కి తాళం తిప్పాడు. ఆ ముసలి ఇంజన్ ఒక్కసారి గొంతు సవరించుకుని, మెత్తగా అందుకుంది.

"గిదమ్మా చాలంటే" అన్నాడు. "షురువైందని. నడుస్తున్నదని."

కనకలక్ష్మి పాత టైర్ల దొంతి మీద కూర్చుండిపోయింది. తమ వైపు చాలంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దనే మాట. ఇక్కడ అదే మాటకి బండి కదులుతుందట. ఆవిడ నవ్వింది. కళ్లవెంట నీళ్లు కారుతుంటే నవ్వింది, పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వింది. పెద్దన్న కారు కింద పరిచిన పేపరు తీసి చూపించి, రాత్రంతా ఉంచినా ఒక్క చుక్క లేదని, జర్మనీవాడు కూడా ఇట్లా చెయ్యలేడని చెప్పుకుపోయాడు. ఆవిడ పేపరు కేసి చూడను కూడా లేదు. రామచంద్రం టీ తాగి ఖాళీ లారీతో వెళ్లిపోయాడు.

ఇంజన్ ఆపొద్దని చెప్పి కనకలక్ష్మి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ఇంటికెళ్లి ఆయన్ని తీసుకురావాలి, లేదా పెద్దన్నని తోలమనాలి అని ఆలోచిస్తుండగా, బండల మలుపు దగ్గర ఇంకో ఆటో ఆగింది. చూడలేనన్న మనిషి చూడకుండానూ ఉండలేకపోయాడు. దిగి రెండడుగులు వేసి, విశ్వేశ్వరరావు ఉన్నచోటే ఆగిపోయాడు. ఆ చప్పుడు ఆయనకి కొడుకు గొంతు కన్నా బాగా తెలుసు. మెల్లగా నడిచొచ్చి, కారు తలుపు మీద చెయ్యేసి, లోపల కూర్చున్న పెళ్లాన్ని చూశాడు.

"చాలంటే అయిపోయిందని కాదుటండీ, మొదలైందనిట. నేనే అడ్డంగా విన్నాను" అంది కనకలక్ష్మి. ఆయన మొహం చూశాక మిగతా కథంతా మర్చిపోయింది. పక్కకి వంగి అవతలి తలుపు తీసింది. "ఇక ఎవరినీ అడగక్కర్లేదు. ఎక్కండి."

విశ్వేశ్వరరావు చుట్టూ తిరిగొచ్చి ఎక్కాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టాడు. తర్వాత పసుపు గుడ్డ ఎక్కడుందని అడిగాడు. ఆవిడ సంచిలోంచి తీసిచ్చింది. ఆయన దాంతో అద్దం తుడిచాడు, మధ్యలో ఓసారి కళ్లు కూడా తుడుచుకున్నాడు.

గృహప్రవేశం సలక్షణంగా జరిగింది. కారు మావిడాకుల తోరణం కింద నుంచి పోర్టికోలోకి దర్జాగా వచ్చి నిలబడింది. వెంకటలక్ష్మి కిందికి వంగి చూసి, అజీర్తి నయమైనట్టుందే అంది. కనకలక్ష్మి తన చేతి మందే అన్నట్టు తలూపింది.

కొన్నాళ్లకి ఓ పొద్దున ఆయన కారుని గేటు బయటికి తీసి నిలబెట్టి, చెప్పులు వేసుకోవడానికి లోపలికెళ్లాడు. కనకలక్ష్మి ముగ్గుగిన్నె పట్టుకుని పోర్టికోలోకి వచ్చింది. తెల్ల టైలు మీద, సరిగ్గా మధ్యన, నల్లటి చుక్క. ఒకటే. ఆవిడ దాన్ని చూసింది, లోపలికి ఓసారి తొంగి చూసింది. వంగి, దాని చుట్టూ వరసగా తెల్ల చుక్కలు పెట్టి, చకచకా మెలికలు తిప్పి, నల్లచుక్కని నడిమి చుక్క చేసి ముగ్గు కలిపేసింది.

ఆయన బయటికొచ్చి, అలవాటు కొద్దీ కింద చూసి, ఏమైనా కారిందా అని అడిగాడు, గొంతులో కాస్త భయంతో.

"ఏం కారలేదు" అంటూ ఆవిడ చేతులు దులుపుకుని వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. "రండి, చాలు చెయ్యండి."