ఇల్లుబండి బాగైన రోజు

ఆ బండి పేరెత్తితేనే అంజన్నకు ఒళ్ళు మండేది. దాన్ని బండి అనాలో ఇల్లు అనాలో! లోపల మంచాలు, పొయ్యి, స్నానాల గది, కిటికీలకు పూల తెరలు. సౌదీలో అతనికి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్ అబూ ఫైసల్, దాన్ని జర్మనీ నుంచి పాతది తెప్పించుకున్నాడు. చలికాలం వానలు పడగానే పెళ్ళాం పిల్లలతో హఫర్ అల్ బాతిన్ దాటి ఎడారిలో మకాం వేయాలని ఆయన సోకు. సోకు ఆయనది, చాకిరీ అంజన్నది. అంజన్న మెట్‌పల్లి వైపు మనిషి, కఫీల్ గ్యారేజీలో డీజిల్ మెకానిక్.

ఊళ్ళో తిప్పితే బండికి ఏ రోగమూ ఉండదు. ఎడారి రోడ్డెక్కి గంటసేపు పోయాక లాగడం మానేస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా మూలగడమే. పక్కన ఆపి, ఒక చాయ్ తాగి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పరుగెత్తుతుంది. డీజిల్ ఫిల్టర్ మార్చాడు, ఫీడ్ పంపు విప్పి బిగించాడు, నాజిళ్ళు కడిగాడు, టర్బో గొట్టాలు తడిమి తడిమి చూశాడు. ఏం లాభం? మళ్ళీ అదే మూలుగు.

ఊళ్ళో భార్య ముత్యవ్వకు కడుపులో గడ్డ. ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. ఆమె వింటేనా! "నువ్వొస్తెనే ఆ బల్ల మీద పండుత, లేకుంటె లేదు" అని మొండికేసింది. ఇంటికి పోవడానికి ఛుట్టీ ఇవ్వనని కఫీల్ కూడా అనలేదు. "ముందు బండి. అది బాగైన రోజే నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతాను" అన్నాడు.

ఆ శుక్రవారం కఫీల్ తానూ ఎక్కి, బండిని అంజన్ననే నడపమన్నాడు. ఎప్పుడూ నడిపే భోజన్న గుడారాల సామాను వేసుకుని చిన్న లారీలో ముందు పోయాడు. భోజన్నది అంజన్న పక్క ఊరు, గదిలో పక్క పడక. మొన్నీమధ్య గేటుకు గుద్ది అద్దం పగలగొట్టాడు. "ఇంకొక్క తప్పు చేశావా, ఖురూజ్" అని కఫీల్ వేలు చూపించాడు. అంటే వీసా రద్దు, ఇక ఇంటికే.

సగం దారిలో బండి మళ్ళీ మూలిగింది. అంజన్న దిగి చక్రం పక్కన ఇసుకలో కూలబడ్డాడు. "నీ పాడెగట్ట! ఇంగేం గావాలె నీకు?" అని డీజిల్ ట్యాంకును ఒక్కటి చరిచాడు. చరిచాక ఆ మూత కంటపడింది. డీజిల్ పోయించడం డ్రైవరు పని కాబట్టి అంజన్న దాని జోలికి ఎన్నడూ పోలేదు. లేచి తిప్పబోతే అది రాలేదు. రెండు చేతులా గుంజితే స్‌స్‌మని గాలి లోపలికి పోయింది. మూత కింద ట్యాంకు మూతికి గట్టిగా కట్టిన పాలిథీన్ కవరు!

ఓరి దేవుడా! డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. అది వచ్చేది మూతలో ఉండే సన్న బెజ్జం నుంచే. ఆ దారిని కవరు మూసేసింది. బండి ఆగినప్పుడు సందుల్లోంచి కొంత గాలి దూరితే మళ్ళీ నడిచేది.

కట్టింది భోజన్నే, ఎవరినీ అడగనక్కర్లేదు. దుబ్బ, అంటే దుమ్ము, పడకుండా ఊళ్ళో ట్రాక్టర్లకు ఇట్లాగే కవరు కట్టి పైన మూత పెట్టేవాళ్ళు. అక్కడి మూతలు వదులు, కవరు అంచుల్లోంచి గాలి దూరేది కాబట్టి చెల్లిపోయింది.

"ఏమైంది?" అంటూ కఫీల్ దిగొచ్చాడు. అంజన్న చెయ్యి దానంతటదే కవరును జేబులోకి తోసింది.

"దుమ్ము బాబా. తీసేసిన. ఇంక ఆగదు" అన్నాడు తనకొచ్చిన అరబ్బీ హిందీ కలిపి.

నిజంగానే ఆగలేదు. మకాం చేరగానే కఫీల్ అంజన్న భుజాలు పట్టి ఊపేశాడు. "వల్లా, నువ్వు డాక్టరువి! ఈ బండి రోగం నీకొక్కడికే తెలుసు. మకాం ఎత్తేదాకా నా దగ్గరే ఉండు. ఎండలు ముదరగానే పోదువుగాని."

"మాట ఇచ్చినవ్ గద బాబా. నా భార్యకు ఆపరేషన్..."

"ఇన్‌షా అల్లా, పోతావు. రెండు నెలలెంత!" అని నవ్వుతూ గుడారంలోకి పోయాడు.

అంజన్న చెయ్యి జేబులోకి పోయింది. ఇదిగో, నీ బండి రోగం ఈ కవరే, ఏ మెకానిక్కూ అక్కర్లేదు అంటే చాలు. ఎదురుగా భోజన్న గుడారం మేకులు కొడుతున్నాడు. ఇటు చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. తన పెళ్ళాం ప్రాణం ఒకపక్క, వీడి బతుకు ఒకపక్క. ఇదేం తీర్పు పెట్టావు దేవుడా అని అంజన్నకు ఏడుపొచ్చింది. చెయ్యి ఖాళీగానే బయటికి వచ్చింది.

కాసేపటికి భోజన్నే పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, ట్యాంకు మూతికి కవరు లేదేంది? దుబ్బ పడ్తది. ఇంకోటి కట్టాల్నా?"

"కట్టకురా. నీ కాళ్ళు మొక్కుత, ఇంగ దాని జోలికి వోకు."

పొద్దుగూకే వేళకు అంజన్న ఫోను అందే దిబ్బ ఎక్కి ఇంటికి చేశాడు.

"బండి బాగైందా?" ముత్యవ్వ మొదటి మాటే అది.

"బాగైంది."

"ఇగ పంపుతడు గదా?"

"పంపడు."

"మరి బాగైందంటివి?"

"బాగైంది గదా, అందుకే పంపడు. నువ్వు రేపే వోయి ఆపరేషన్ చేపిచ్చుకో."

"పోనీలే. నువ్వొచ్చినంకనే చేపిచ్చుకుంట" అంది ముత్యవ్వ.

"ఆ గడ్డ ఆగదే" అన్నాడు అంజన్న. అప్పటికే ఆమె ఫోను పెట్టేసింది.