నైరుతి కిటికీ

నైరుతి మూల కిటికీ కావాలని అడిగిన ఆడమనిషిని కలిదిండి చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. వెంకటనరసమ్మ అడిగింది. అడగడమేమిటి, పెట్టించింది కూడాను.

కొత్త ఇల్లు మొదలుపెట్టినప్పుడు వాస్తు చూసిన శ్రీరంగనాయకులు సిద్ధాంతి ప్లాను మీద ఎర్రపెన్నుతో అడ్డంగా గీత గీసి, "నైరుతి గోడ బరువుగా ఉండాలండీ. అక్కడ చిల్లి పెడితే సంసారానికి చిల్లి పెట్టుకున్నట్టే" అన్నారు. భర్త తాతారావు గారూ, కొడుకు వీరేంద్రా బుద్ధిగా తలలూపారు. వెంకటనరసమ్మ ఊపలేదు. వాళ్లిద్దరూ టైల్సు కొనడానికి తాడేపల్లిగూడెం వెళ్లిన రోజు చూసుకుని, తాపీమేస్త్రీ ప్రభుదాసును పిలిచింది. నడుమెత్తు లేచిన పడకగది పడమటి గోడ మీద, సరిగ్గా నైరుతి మూలకి, బొగ్గుతో రెండు గీతలు గీసింది.

"అమ్మగారూ, అయ్యగారు నా తోలొలిచేత్తారండి" అన్నాడు ప్రభుదాసు.

"ముందు నా తోలు వలిచి, తర్వాత నీ దగ్గరికి రమ్మను" అందావిడ.

సాయంత్రానికి కిటికీ చట్రం గోడలో కూర్చుంది. తాతారావు గారు వచ్చి చూసి ఇల్లెగిరిపోయేలా అరిచారు. ఆవిడ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఆకలి ముదిరేసరికి ఆయన గొంతు దిగింది. కిటికీ నిలిచింది.

ఆ మూలే ఎందుకంటే, పక్షులు వాస్తు చూసుకుని వాలవు. ఇంటి వెనక మురుగుకాలవ, దాని అవతల పాడుబడ్డ చెరువొకటి, గట్టు మీద తుమ్మచెట్లు. ఊళ్లో జనం తమ చేపల చెరువుల మీద తీగలు కట్టి, టపాకాయలు పేల్చి పిట్టల్ని తోలేస్తుంటే అవన్నీ వచ్చి అక్కడ చేరేవి. గూడబాతులు, నత్తగొట్టు కొంగలు, నారాయణపక్షులు, నీటికాకులు. వెంకటనరసమ్మ పుట్టింది కొల్లేటి లంకలో. ఆ పేర్లన్నీ వాళ్లమ్మ అన్నం ముద్దలతో పాటు పెట్టింది. మధ్యాహ్నం పనులన్నీ తెమిలాక మంచం ఆ కిటికీ కిందకి లాక్కుని, వచ్చిన పిట్టనల్లా పేరు పెట్టి పలకరించేది. అంతసేపూ ఇంట్లో ఎవరు పిలిచినా పలికేది కాదు.

తాతారావు గారి దగ్గర మాత్రం వాటన్నిటికీ ఒకటే పేరు. "దొంగముండలు. మన చేపల్ని మింగేవాటిని మంచమేసుకుని మరీ చూస్తావేంటే?" అని రోజూ విసుక్కునేవారు. రోజూ ఆయన విసుగు ఆయనది, ఆవిడ చూపు ఆవిడది.

మరుసటేడు వీళ్ల రొయ్యల చెరువుకి వైట్‌స్పాట్ తెగులు తగిలి మొత్తం ఊడ్చుకుపోయింది. చుట్టుపక్కల ఎందరివో పోయాయి. వాళ్లెవరి ఇళ్లలోనూ నైరుతి కిటికీ లేదు. అయినా ఈ ఇంట్లో నేరం కిటికీదే అయింది. ఆపైన ఆవిడ రెండు కళ్లకీ శుక్లాలు పట్టాయి, కుడికంటిది బాగా ముదిరింది. సిద్ధాంతి గారు మళ్లీ వచ్చి గోడ వంక చూసి నిట్టూర్చారు.

"నైరుతి దోషం ఇల్లాలికే తగులుతుందండీ. కంటితో ఆగితే మీ అదృష్టం. ప్రాణగండం కూడా ఉంది."

"ప్రాణం నాదేగా, ఆ గండమేదో నేను చూసుకుంటానండీ. మీరు కాఫీ తాగండి" అంది వెంకటనరసమ్మ.

పైకి అలా అంది గానీ, ఆవిడకి బెంగ లేకపోలేదు. గండం గురించి కాదు, నీలం గురించి. మసక కమ్మినకొద్దీ లోకంలోంచి నీలం రంగు జారిపోయింది. నీటికోడి మెడ నీలమో నలుపో తెలియడం లేదు. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకితే మట్టిబెడ్డ పడ్డట్టుంటోంది. సూదిమందంటేనే భయపడే మనిషి, తనంతట తానే "ఆపరేషన్‌కి ఎప్పుడు తీసుకెళ్తావురా?" అని కొడుకుని అడిగింది.

ఏలూరులో ఆపరేషన్ చేయించుకుని, డాక్టరు మళ్లీ చూసేదాకా చెల్లెలు చంద్రావతి ఇంట్లో ఉంది. కట్టు విప్పగానే మొదట కనిపించింది చెల్లెలి చీర.

"ఓసి నీ దుంపతెగ, ఇది నీలమా! నిన్నటిదాకా బూడిదరంగనుకున్నానే!"

అక్కచెల్లెళ్లిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఇక అక్కడ ఆవిడకి కాలు నిలవలేదు. చుక్కలమందు వేసుకుంటున్నా, కాఫీ తాగుతున్నా మనసంతా తుమ్మచెట్ల మీదే. వీరేంద్ర కారు తెచ్చిన రోజు పెట్టె ముందే సర్దుకుని అరుగు మీద కూర్చుంది. దారిపొడుగునా కొడుకు సరిగా మాట్లాడలేదు. అలిసిపోయాడనుకుంది.

ఇంటికి రాగానే చెప్పులు కూడా సరిగా విప్పకుండా గదిలోకి నడిచింది. కిటికీ లేదు. అది ఉండే చోట గోడ ఉంది. సిమెంటు ఇంకా తడారలేదు.

వీరేంద్ర గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నీ కోసమేనమ్మా. ఆపరేషన్లో నీకేమన్నా అవుద్దేమోనని నాన్నకి రాత్రుళ్లు నిద్ర లేదు. ఆయనే మూయించారు."

ప్రేమతో చేసిన పని మీద కోపం తెచ్చుకోవడం చాలా కష్టం. ఆవిడకి వచ్చింది. కోపం వెనకే ఏడుపూ వచ్చింది. ఏడవకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి ఏడుపు మింగేసింది.

"చూపు తెప్పించి, చూసేదాన్ని మూసేశారా!"

గబగబా పెరట్లోకి వెళ్లి గునపం తెచ్చింది. బరువులెత్తొద్దన్నారమ్మా అని వీరేంద్ర వెంటపడ్డా వినలేదు. నల్ల కళ్లద్దాలతోనే పచ్చిగోడ మీద ఒక్క పోటు పొడిచింది. పెచ్చు ఊడింది. ఇంకో పోటుకి ఇటుక కదిలింది. చప్పుడు విని వసారాలోంచి పరిగెత్తుకొచ్చిన తాతారావు గారు గునపం రెండో కొస పట్టుకున్నారు.

"పిచ్చా వెర్రా? కన్ను పోద్దే!"

"వదలండి."

"నువ్వు పోతే నేనేమైపోవాలే? సిద్ధాంతి గారు గండమన్నాక కూడా..."

"ఎప్పుడో ఒకప్పుడు పోయేదాన్నేనండీ. కిటికీలోంచి చూస్తూ పోతాను గానీ, గోడని చూస్తూ మాత్రం బతకను. ఈ ఇంట్లో అన్నీ మీకు నచ్చినట్టే కట్టుకున్నారు. నాకు నచ్చింది ఇదొక్కటే. దీన్ని మీరు మూసిన ప్రతిసారీ నేను పొడుస్తాను."

తాతారావు గారు భార్య ముఖం వంక చూశారు. కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏడుపుకో, దుమ్ముకో ఆయనకి తెలియలేదు. ఈవిడ ఆగదని మాత్రం తెలిసింది. ఒక్క గుంజు గుంజి గునపం లాక్కుని, ఆవిణ్ణి భుజంతో వెనక్కి తోశారు.

"పక్కకి జరుగు. దుమ్ము పడుద్ది." అంటూనే గోడని పొడిచారు.

"నాన్నా! సిద్ధాంతి గారికేం చెబుతాం?" అన్నాడు వీరేంద్ర.

"ఆయనకేంరా, కాఫీ తాగి ఇంటికి పోతారు. ఈవిడతో బతకాల్సింది నేను."

ఇటుకలు ఒక్కొక్కటే అవతలికి పడ్డాయి. చంద్రావతి చీర రంగు ఆకాశం ముక్కొకటి గదిలోకి వచ్చింది. ఆయన ఆయాసపడుతూ, "కళ్లు మూసుకోవే" అన్నారు.

"మూసుకోను" అంది వెంకటనరసమ్మ.

కళ్లద్దాల మీద పైటకొంగు అడ్డం పెట్టుకుని, దుమ్ము సర్దుకునేదాకా ఆగి, బొక్క దగ్గరికి ముఖం చేర్చి కొంగు తీసింది. చెరువు గట్టున నీటికోడి ఒకటి తుంగదుబ్బుని కాలితో పట్టుకుని కొరుకుతోంది. నల్లద్దాల్లోంచి కూడా దాని మెడ నీలంగానే ఉంది. అంత నీలాన్ని ఆవిడ ఎన్నేళ్ల క్రితం చూసిందో. "నీటికోడీ!" అని పేరు పెట్టి పలకరించింది.

ఆవిడ భుజం మీంచి తాతారావు గారు కూడా తొంగిచూశారు. ఆయనకి కనిపించింది నీటికోడి కాదు, తుమ్మచెట్టు మీద గొంతు సంచీ వేలాడేసుకుని కూర్చున్న గూడబాతు.

"ఎలా బలిసిందో చూడు. ఆ సంచీ నిండా మన చేపలే."

"తిననివ్వండి" అంది వెంకటనరసమ్మ.