పెద్దకోడలి అభ్యంతరం

అన్నదమ్ములవి పక్కపక్క స్థలాలు. ఇళ్ళ ప్లాన్లు ఒకే రోజు పురపాలక ఆఫీసుకు వెళ్ళాయి. తమ్ముడిది పాసై వచ్చింది. అన్నది మాత్రం వాననీటి గుంట ఇంకాస్త పక్కకు జరిపి మళ్ళీ గీయమని వెనక్కొచ్చింది. వాననీరు భూమిలోకి ఇంకాలంటే ఎవరు కాదంటారు? కానీ ఆ గుంట జరిగేదాకా పెద్దకోడలు పిల్లలతో, మోకాళ్ళు పట్టేసిన అత్తగారితో అద్దె మేడ మెట్లెక్కుతూ ఉండాలి. పైగా తోటికోడలి గోడలు లేస్తుంటే చూస్తూ ఉండాలి.

ఆ రెండోదే ఆవిడ వల్ల కాలేదు.

కడుపుమంటకు మందు లేదంటారు గానీ, పురపాలక ఆఫీసులో ఉంది. దాని పేరు అభ్యంతరం. పెద్దవాళ్ళ మేడలు లేచి పేదల వంటిళ్ళు చీకటైపోకూడదని ఎవరో పుణ్యాత్ములు పెట్టారు. ఎవరైనా రాసివ్వచ్చు, పేరు బయటికి రానివ్వరు. పెద్దకోడలు వెళ్ళి రాసిచ్చింది. “పక్కింటి మేడ” అంటే తనేనని పోల్చుకుంటారని, ఎక్కడలేని తెలివీ ఉపయోగించి “మా వీధిలో లేచే ఇళ్ళ వల్ల గాలీ వెలుతురూ పోతాయి” అని రాసింది.

తోటికోడలి ఇంటి పని ఆగిపోయింది. ఆ పూట ఆవిడకు అన్నం రుచిగా ఉంది.

వారం తిరక్కుండా తమ ప్లానూ ఆపేసినట్టు నోటీసు వచ్చింది. ఆవిడ పరుగున ఆఫీసుకు వెళ్ళింది.

“వీధి అని రాశారు కదమ్మా, మీ స్థలమూ ఆ వీధిలోదేగా,” అన్నాడు గుమాస్తా. “వెలుతురు కొలవాలి. ఎండాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి.”

“అయితే నా కాగితం నాకిచ్చేయండి బాబూ.”

“కుదరదమ్మా. డబ్బున్నవాళ్ళు బెదిరించి వెనక్కి తీయిస్తున్నారని ఆ వీలు తీసేశారు. అంతా మీలాంటివాళ్ళ మంచికే.”

కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి చిన్నకోడలు అత్తగారి పక్కన కూర్చుని ఉంది.

“చూశావా అక్కా, ఎవరో కళ్ళల్లో నిప్పులు పోసుకున్నారు! కింది వాటా మెట్లు లేకుండా కట్టిస్తున్నాం. మీ ఇల్లు పూర్తయ్యేదాకా మీరూ అత్తయ్యా అందులో ఉంటారనుకున్నాం. ముందే చెబితే బావగారు మొహమాటపడతారని చెప్పలేదు.”

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. కానీ ఆ సిగ్గుకంటే ముందే ఒళ్ళు భగ్గుమంది. ‘మా ఇంట్లో ఉండండి’ అని అంత దర్జాగా అనడానికి తనకూ ఒక ఇల్లుండొద్దూ!