చప్పుడు చేయని పెట్టె

గుయ్‌య్‌య్...

గది తలుపు మూసినా, కిటికీ రెక్కలు దగ్గరికి లాగినా, నెత్తి మీది ఫ్యాను ఆపేసినా — గుయ్‌య్‌య్.

బల్ల కింద నుంచి వస్తుంది. కంప్యూటరు పొట్టలోంచి. వేడిని బయటికి నెట్టడానికి లోపల ఒక చిన్న ఫ్యాను ఉంటుందట. తిరుగుతూనే ఉంటుంది. తిరిగి తిరిగి అలిసిపోదు. రోజూ వినేవాళ్ళకి అది వినపడదు. నాకూ వినపడేది కాదు, మొన్నటిదాకా.

ఇప్పుడు చెవిలో జోరీగ.

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి, ఆ గొంతుల్ని దాచిపెట్టే గ్రంథాలయం ఒకటుంది. కథలో ఒక భాగం చదివి పంపమన్నారు. పంపాను. అక్కడ శబ్దం సరిచూసే ఆవిడ ఫోన్ చేసింది. గొంతు బాగుందంది. నా ప్రాణం లేచొచ్చింది. వెనకాల ఇంకెవరో గుయ్‌మంటున్నారంది. వచ్చిన ప్రాణం ఉసూరుమంది. ఇంకొక్కసారి పంపండి, అప్పుడూ ఇలాగే ఉంటే వేరేవాళ్ళచేత చదివిస్తాం, ఏమీ అనుకోకండి అంది.

అనుకోకుండా ఎలా ఉంటాను?

బస్టాండులో బస్సులు చెప్పడం నా ఉద్యోగం. ఏ బస్సు, ఏ ఊరికి, ఎక్కడ ఆగి ఉంది. ఏళ్ళ తరబడి చెప్పాను. జనం వినేవారు. వినగానే సంచులు పట్టుకుని పరిగెత్తేవారు. వాళ్ళు విన్నది బస్సుని. నన్ను కాదు. తర్వాత ఒక యంత్రం వచ్చింది — దగ్గకుండా, సెలవడక్కుండా, నాకంటే శుభ్రంగా చెప్పేది. నేను ఇంటికొచ్చేశాను.

గొంతు మాత్రం ఇంటికి రాలేదు. ఎవరైనా వింటారేమోనని ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఎవరో ఒక్కరు. బస్సు కోసం కాకుండా... ఊరికే, వినాలని వినేవాళ్ళు.

"ఫ్యాను లేకుండా చేస్తే సరి," అన్నారు మా ఆయన, చొక్కా కొక్కేనికి తగిలించినంత తేలిగ్గా.

మా ఆయన లిఫ్టు మెకానిక్. పగలంతా మోటారు గదుల్లో ఉంటారు. ఇంటికొచ్చాక కూడా మోటారుకి వినపడేలా మాట్లాడతారు. ఉప్పు అందుకోమంటే పక్కింటివాళ్ళు ఉలిక్కిపడతారు. అలాంటి మనిషి నిశ్శబ్దం తయారు చేస్తానంటే నాకు నవ్వాగలేదు. నవ్వుకో నవ్వుకో అన్నారు, అదీ గట్టిగానే.

ఒక్కో భాగమూ ఒక్కో రోజు ఇల్లు చేరింది.

తక్కువ కరెంటు తిని తక్కువ వేడెక్కే ప్రాసెసరు. గిర్రున తిరిగే పాత డిస్కుకి బదులు కదలని డిస్కు. ఫ్యాను లేని పవర్ సప్లై. వీటన్నిటినీ బిగించడానికి ఒక పెద్ద ఇనప పెట్టె. ఆఖరికి అసలు సిసలు వస్తువు — హీట్‌సింకు. పుచ్చకాయంత ఉంది. వంపు తిరిగిన రాగి గొట్టాలు, వాటికి గుచ్చిన పల్చటి అల్యూమినియం రేకులు, రేకుకీ రేకుకీ మధ్య సందు. ప్రాసెసరు వేడిని గొట్టాలు పైకి లాగుతాయి, రేకులు ఆ వేడిని గాలికి ఇచ్చేస్తాయి. ఏదీ కదలదు. ఏదీ అరవదు.

"ఇంత పెద్ద పెట్టెలో ఇంత ఖాళీయా?" అని మా అత్తయ్య ఆశ్చర్యపోయింది.

"ఖాళీ ఉంటేనే అది పని చేస్తుందమ్మా," అన్నారు మా ఆయన.

ఆవిడ నమ్మలేదు. ఖాళీ ఉన్నచోట దుమ్ము చేరుతుందని ఆవిడ సిద్ధాంతం.

ఆయన నేల మీద పాత దుప్పటి పరిచి కూర్చున్నారు. నేను టార్చి పట్టుకున్నాను. ప్రాసెసరు నెత్తిన వేడిని పైకి అందించే పేస్టు బియ్యపు గింజంత పెట్టి, హీట్‌సింకుని దాని మీదికి దించారు. నిద్రపోయిన పిల్లని పక్క మీదికి దించినట్టు. మరలని ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెం బిగించారు. ఒక పక్కే బిగిస్తే రెండో పక్క అలిగి పైకి లేస్తుందట.

అత్తా కోడళ్ళ మధ్య ఉన్న మగాడికి ఆ పని కొత్తేం కాదు. పైకి అనలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

హాయిగా ఉండేవి ఆ సాయంత్రాలు. మరలూ, టార్చీ, ఆయన మోకాలికి నా మోకాలు ఆనించుకుని కూర్చోవడం.

పెట్టెకి అడుగున రంధ్రాలు. పైన రంధ్రాలు. "వేడికి దారి తెలుసు," అన్నారు ఆయన, పెళ్ళయ్యాక మొదటిసారి మెల్లగా. "పైకే పోతుంది. మనం అడ్డు రాకపోతే చాలు."

మీట నొక్కారు.

ఏమీ లేదు.

ఇంకా ఏమీ లేదు...

తెర వెలిగింది! చప్పుడు మాత్రం లేదు. చెవి ఆనించాను. లేదు. ఆయన పల్చటి కాగితపు పీలిక ఒకటి చించి, పెట్టె పైన పట్టుకున్నారు. కాసేపు ఊరికే వేలాడింది. తర్వాత దాని కొస కదిలింది. లేచింది. వాలింది. మళ్ళీ లేచింది.

నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఎందుకో తెలియదని అబద్ధం చెప్పను. నేను మాట్లాడాలని, ఇంకో మనిషి కూర్చుని నిశ్శబ్దం తయారు చేశాడు. నాకు చాలా సంతోషం వేసింది.

ఇక మా అత్తయ్య.

లోకంలో ఆవిడకి ఒక్కటే శత్రువు. దుమ్ము. రేడియోకి ముసుగు. మిక్సీకి ముసుగు. కుట్టుమిషనుకి ముసుగు, ఆ ముసుగు మాయకుండా దాని మీద ఇంకో ముసుగు. మా ఇంట్లో ముసుగు లేకుండా తిరిగేది మేం ముగ్గురమే. ఆవిడకి కూర్చోవడం రాదు. ఊరుకోవడం అసలే రాదు.

మర్నాడు పొద్దున్నే కంప్యూటరు ఆన్ చేసి పెట్టి మా ఆయన పనికి వెళ్ళారు. నేను వంట ముగించుకుని వచ్చి, తలుపు మూసి, మైకు దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టాను. కథలో ఒక పిల్ల. చిన్న పడవ. తమ్ముడికి జ్వరం, మందు అవతలి ఒడ్డున. ఒక్కతే ఏరు దాటుతోంది. నా గొంతు ఎక్కడా తట్టుకోకుండా సాగింది. జోరీగ లేదు. గది లేదు. నేనూ, ఆ పిల్లా, నీళ్ళూ...

తెర నల్లబడింది.

నడి ఏట్లో.

చదివిందంతా పోయింది. వంగి బల్ల కిందికి చూశాను. పెట్టె కొత్త బట్టలు తొడుక్కుని కూర్చుంది. నీలం గుడ్డ. అంచుకి లేసు. మూల ఒక చిన్న కుట్టుపువ్వు. నాలుగు పక్కలా, నెత్తి మీదా — చీమ దూరే సందు లేదు.

ముట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. నాకు ఒళ్ళు మండింది, పెట్టెకంటే ఎక్కువగా.

"చప్పుడు చేయట్లేదు కదమ్మాయ్, ఆగి ఉందనుకున్నా," అంది అత్తయ్య గుమ్మంలో నిలబడి. "రాత్రే కుట్టి పెట్టా. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు తొడిగా..." దగ్గరికొచ్చి, ముసుగు తీసి, పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి లాక్కుంది. "అయ్యయ్యో! దీనికి జ్వరమొచ్చిందే!"

తిట్టాలని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆవిడ వేళ్ళకి ఇంకా నీలం దారం పోగులు అంటుకుని ఉన్నాయి.

భోజనానికి వచ్చిన మా ఆయన సంగతంతా విని, గోడ వైపు తిరిగి నిలబడ్డారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. తర్వాత తల్లిని కూర్చోబెట్టి, కాగితపు పీలిక లేవడం చూపించారు. ఆవిడ చాలాసేపు చూసింది. లోపలికెళ్ళి కత్తెర తెచ్చుకుంది. తను కుట్టిందాన్ని తనే విప్పేసింది, కుట్టు కుట్టుగా.

"ముసుగు వద్దంటే నేనే కాపలా," అంది. "నువ్వు చదువుకో. ఒక్క నలుసు వాలనివ్వను."

మాట్లాడకూడదని చెప్పాను. దగ్గకూడదనీ, గాజులు కదలకూడదనీ. ఆవిడ గాజులు మోచేతి మీదికి తోసుకుంది. పెదాలు బిగించింది. మెత్తటి గుడ్డ చేతపట్టుకుని, పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుంది.

చదివాను.

ఏరు. పడవ. పిల్ల. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పేజీ తిప్పాలంటే భయమేసింది. పిల్ల తనకి తనే ధైర్యం చెప్పుకుంటోంది. నా గొంతు చిన్నదైంది, ఆ పిల్లంత. తెడ్డు వేస్తోంది... వేస్తోంది... తెడ్డు చేతిలోంచి జారింది. పిల్ల చెయ్యి చాచింది. అందలేదు.

"అయ్యో తల్లీ!"

నేను చదివింది కాదు అది.

ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదటినుంచి. గొంతు ఒక్కసారి తడబడి నిలదొక్కుకుంది. ఓరకంట చూశాను. అత్తయ్య గుడ్డని నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కళ్ళు పెట్టె మీద లేవు. నా మీద ఉన్నాయి. నలుసుల సంగతి ఆవిడకి గుర్తు లేదు.

ఆ భాగం చివరిదాకా చదివాను.

సాయంత్రం ముగ్గురం కూర్చుని విన్నాం. జోరీగ లేదు. ఎంత వెతికినా లేదు. నా గొంతు ఒక్కటే ఉంది, చుట్టూ బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో — "అయ్యో తల్లీ!" పాత కంప్యూటరైతే ఆ మాటని గుయ్‌మనే మోతలో కలిపేసుకునేది. ఇది ఏదీ దాచదు.

"నా నోరు పడిపోను," అంది అత్తయ్య. మొహం చిన్నబోయింది.

"కోసేస్తే సరి. చిటికెలో పని," అని మా ఆయన మీట మీద వేలు పెట్టి నా వైపు చూశారు.

గ్రంథాలయం వాళ్ళకి నా గొంతు ఒక్కటే కావాలి. ఇంకొక్కసారే అన్నారు. ఆ పని నాకు కావాలి. చాలా కావాలి. కోసేస్తే ఎవరికీ తెలియదు కూడా.

బస్టాండులో అన్నేళ్ళు చెప్పాను. ఎవరూ ఒక్కసారైనా అయ్యో అనలేదు.

"ఉండనివ్వండి," అన్నాను.

"వాళ్ళు వద్దంటేనో?"

"వద్దంటే వద్దంటారు."

ఆయన వేలు తీసేశారు. "సరే. ఇంట గెలిచావు. రచ్చ సంగతి తర్వాత చూద్దాం."

పంపేశాం. ఏమంటారో తెలియదు. తిప్పి పంపుతారేమో. నవ్వుకుంటారేమో. లేదంటే ఎక్కడో, చూపు లేని ఎవరో ఒకరు, తెడ్డు జారినచోట ఆ అయ్యో విని... తన పక్కన ఇంకెవరో కూర్చుని వింటున్నారని అనుకుంటారేమో.

అత్తయ్య ఇంకా పీట మీదే ఉంది. అవతల గిన్నెలు ఉన్నాయి. వాకిలి ఊడవాల్సి ఉంది. లేవలేదు.

"అమ్మాయ్," అంది, గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా. "ఇంతకీ ఆ పిల్ల ఒడ్డుకి చేరిందా?"

పుస్తకం తెరిచాను. మైకుని పక్కకి జరిపి, ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను.

పడవ ఇంకా నడి ఏట్లోనే ఉంది...