ఆకులోని బూజు

కోడలు పొద్దున్నే ల్యాబులో ప్లేటు చూసి కుర్చీలో కూలబడింది. మందులకు లొంగని సూక్ష్మజీవి ప్లేటు నిండా పరుచుకుంది. మొదట్లో దాన్ని దరిదాపులకు రానివ్వని బూజు ఇప్పుడు నడుమ దిక్కులు చూస్తోంది. సూక్ష్మజీవి చచ్చి దాని చుట్టూ మిగలాల్సిన ఖాళీ వలయం గోరంత కూడా లేదు.

ఆ బూజు ఒక మందుమొక్క ఆకు లోపల కాపురముంటుంది. పైకి కనిపించదు, మొక్కకు హాని చెయ్యదు. అదే జాతి మొక్కలు ఎన్ని కోసి చూసినా మరెక్కడా దొరకలేదు, ఆమె ఇంటి వరండాలోని కుండీలో తప్ప. పుట్టిల్లయిన ఆకుకు దూరమై, ల్యాబులో ప్లేట్లు మారుతూ, పెట్టింది తింటూ కూర్చునేసరికి దానికి ఒళ్ళు బద్ధకించింది.

"మళ్ళీ ఆకులోంచే తియ్యి," అన్నారు ప్రొఫెసరు. "వచ్చే శుక్రవారంలోగా బూజు దొరక్కపోతే ఈ పని ఆపేద్దాం. నేను మాత్రం ఎంతకాలమని నెట్టుకురాను?"

ఆమె ఆదరాబాదరాగా ఇంటికొచ్చింది. కుండీలో మొక్క నిగనిగలాడుతోంది. పక్కనే మామగారు స్ప్రే సీసా తుడుస్తున్నారు.

"ఆకుల మీద మచ్చలొచ్చాయమ్మా. నీ చదువంతా దీని మీదేనాయె, పోతే ఎలాగని బూజుమందు తెచ్చి రోజు విడిచి రోజు కొడుతున్నా. పైపైన కాదు, లోపలికి ఇంకే రకం. షాపువాడు ఏదో నాసిరకం అంటగట్టబోతే నేనూరుకుంటానా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన మొహంలో మురిపెం చూసి కోపాన్ని మింగేసింది. ఆకులు కోసుకుని వచ్చిన దారినే పరుగెత్తింది.

ఆకుల్ని ఆల్కహాల్లో ముంచి, బ్లీచింగ్ నీళ్ళలో కడిగి, ముక్కలు చేసి ప్లేట్లలో పెట్టింది. పైనున్నదంతా చావాలి, లోపలున్నది బతకాలి. రోజూ ప్లేట్లను వెలుతురుకెత్తి చూసింది. ఏ ముక్క అంచునా బూజు నూగు మొలవలేదు. శుక్రవారం ప్రొఫెసరు ఒక్కొక్కటే చూసి, పక్కన పెట్టి, ఈ పని ఫైలు కట్టేసి అలమరలో పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చేసరికి మామగారు కుండీ దగ్గరే ఉన్నారు.

"కొత్త చిగురేసింది, చూశావా? ఇక ఏ బూజూ దీని జోలికి రాదు."

"రాదు మామయ్యా," అంటూ ఆమె మెట్టు మీద కూర్చుని భోరుమంది.

ఆయన కంగారుపడ్డారు. మొక్క వంక ఓసారి చూసి, కుదుటపడి, ఆమె తల నిమిరారు.

"బతికిందిగా, ఇంకా ఏడుపెందుకమ్మా?"