దక్షిణాన చేరిన చుక్కలు

విద్యార్థుల పోటీ చివరి విడతకు ఎవరి సమస్యను వాళ్లే తెచ్చుకోవచ్చన్నారు. లెక్క ఒకటి చెబుతుంది, కొలత ఇంకొకటి చెబుతుంది. రెండింట్లోనూ కొంత తప్పుంటుంది. దేన్ని ఎంత నమ్మాలో తూచి, నిజానికి దగ్గరగా వెళ్లడమే పందెం. మిగతా జట్లు వానలూ వరదలూ ఎంచుకున్నాయి. బుజ్జి తన అన్న పడవను ఎంచుకుంది.

అన్న సరుకు పడవలో ఇంజను మెకానిక్కు. రెండేళ్ల క్రితం తుఫానులో ఇంజను ఆగిపోయి పడవ కొట్టుకుపోయింది. ఉత్తరాన వెతికారు, దొరకలేదు, ఊరుకున్నారు. పడవ రేడియో పంపిన అరకొర సంకేతాలు మాత్రం మిగిలాయి.

"నీకేమన్నా పిచ్చా? వేరేది చూద్దాం," అన్నాడు జట్టులో అందరూ కళ్లజోడు అని పిలిచే కుర్రాడు. బుజ్జి చెవిన పెట్టలేదు.

"చెయ్యి, పోటీకి నేనూ వస్తా," అంది వదిన.

పోటీ రోజున తెర నిండా చుక్కలు. ఒక్కో చుక్క పడవ ఉండగల ఒక్కో చోటు. గాలీ ప్రవాహమూ వాటిని చెదరగొట్టేవి. సంకేతం అందినప్పుడల్లా దానికి పొసగనివి రాలిపోయేవి. పడవ కొట్టుకుపోయిన మూడో రోజుకు మిగిలినవన్నీ దక్షిణాన గుమిగూడాయి. అటువైపు ఎవరూ వెతకలేదు.

"మూడో రోజు అందిన ఆ చివరి సంకేతం తప్పని అప్పట్లో పక్కన పెట్టారు కదా?" అడిగింది న్యాయనిర్ణేత.

"అది తీసేసినా చుక్కలు అక్కడికే పోతున్నాయి మేడమ్." బుజ్జి తెరవైపు తిరిగింది. "అంటే ఆ సంకేతం నిజమైనదే," అని మిగతాది కళ్లజోడు చెప్పాడు.

మొదటి బహుమతి వాళ్లకే వచ్చింది. చప్పట్లు మోగుతుంటే బుజ్జికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాక వదిన అంది, "మూడో రోజు దాకా ఉన్నారన్నమాట."

"పడవ ఉంది వదినా. అన్నయ్య సంగతి లెక్క చెప్పదు."

"ఆ రేడియో దానంతటదే పంపుతుందా? ఎవరైనా నొక్కాలా?"

అబద్ధమాడదామని చూసింది బుజ్జి. నోరు రాలేదు. "నొక్కాలి."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్క క్షణంలో అయిపోయుంటుందని ఇన్నాళ్లూ మనసుకి సర్దిచెప్పుకున్నా."

"నేనీ పని చెయ్యకుండా ఉండాల్సింది."

"అలా అనకు. ఆయన పిలిచారని ఒక్కరికైనా తెలిసింది."

బస్సు వచ్చి ఆగింది. వదిన లేవలేదు. బుజ్జి కూడా పక్కనే కూర్చుండిపోయింది.