ఇరవై నాలుగు డిగ్రీలు

మా కాలేజీ ల్యాబులో చల్లనీళ్లు ఏ కాలంలోనైనా ఇరవై నాలుగు డిగ్రీలే. వనపర్తి ఎండలకు ఏప్రిల్లో మేడమీది ట్యాంకు సలసల కాగుతుంది, కుళాయి కింద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. రికార్డులో మాత్రం ఇరవై నాలుగే. వేడినీళ్ల గొట్టం చుట్టూ చల్లనీళ్లు పారించి కొలతలు తీసే ఆ మిషను పంపు కాలిపోయి ఆరేళ్లయింది. అంతకుముందు ఎవరో పుణ్యాత్ములు చలికాలంలో తీసిన కొలతలనే బ్యాచి తర్వాత బ్యాచి కాపీ కొట్టి కెమికల్ ఇంజనీర్లమైపోతున్నాం. నేనూ కొట్టాను. సిగ్గేమీ పడలేదు.

కొట్టనన్నది ప్రేమలత ఒక్కతే. ల్యాబులో మా ఇద్దరిదీ ఒక జట్టు. ఆమెది అమరచింత. వాళ్లమ్మ ఏడాదిలో ఎనిమిది నెలలు పుణెలో బిల్డింగు పనులు చేస్తుంది. మూడో ఏడాది ఫలితాలు రాగానే ఒక మందుల కంపెనీ వస్తోంది, ఒక్క సబ్జెక్టు తప్పినా ఇంటర్వ్యూకు కూర్చోనివ్వరు. ఆ ఉద్యోగం వస్తే అమ్మను ఇంక పుణె పోనివ్వనని ప్రేమలత క్లాసులో అందరికీ చెప్పుకుంది. నాది తెలకపల్లి. మాకు పొలముంది, బోర్లున్నాయి. ఉద్యోగం రాకపోయినా నా కంచంలో అన్నం తగ్గదు.

ఒకరోజు ఆమె ఆ పంపు విప్పి నా బండి మీద పెట్టించింది. బోరు మోటార్లు వైండింగు చేసే సుదర్శన్ షాపుకు తీసుకుపోయాం.

"కాలేజీల పంపు గూడ మోటరే గదన్నా, జర చూడు," అంది.

మర్నాడు మిషను నడిచింది. అబద్ధమెందుకు, నాకూ సంతోషమేసింది. థర్మామీటరు ఇద్దరం చూశాం. చల్లనీళ్లు ముప్పై ఏడు. ఆమె రికార్డులో ముప్పై ఏడే రాసింది. నా రికార్డు అప్పటికే పూర్తయింది, మళ్లీ రాసే ఓపిక నాకు లేదు.

ల్యాబు చూసే బాలస్వామి సార్ ఆమె రికార్డు తిరగేసి మొహం చిట్లించాడు.

"అందరికీ ఇరవై నాలుగొస్తె నీకొక్కదానికే ముప్పై ఏడేందమ్మా? మార్చి రాయి."

"మిషన్ నడిపి తీసిన సార్. విజయ్ గూడ ఉండె."

సార్ నా వైపు చూశాడు. నేను మిషను వైపు చూశాను. ఆమె మార్చలేదు.

పరీక్ష రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మా రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టుకున్నాడు. మంచి మనిషిలాగే కనిపించాడు.

"ఒకే మిషను, ఒకే జట్టు. రెండు కొలతలేంది? ఏది కరెక్టో నువ్వు చెప్పు," అని నన్నే అడిగాడు.

ఆయన వెనక బాలస్వామి సార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ముప్పై ఏడంటే మిగతా యాభై తొమ్మిది రికార్డులూ దొంగవే, అందులో నాదొకటి. ఒక్క మాట. నాకు ధైర్యం చాలలేదు.

"ఇరవై నాలుగు సార్," అన్నాను.

ఎగ్జామినర్ ప్రేమలత పేజీ మీద అడ్డంగా ఎర్రగీత గీశాడు. ఆమె ఏదో చెప్పబోయింది. బాలస్వామి సార్ తర్వాతి నంబరు పిలిచాడు.

ప్రేమలత ల్యాబు తప్పింది. కంపెనీ వచ్చి నలుగురిని తీసుకుంది, వాళ్లలో నేనొకణ్ని. మా నాయన శంకరయ్య యాటను కోసి ఊరందరినీ పిలిచాడు. ఆ ముక్కలు నా గొంతు దిగలేదంటే గొప్పకోసం చెప్పినట్టవుతుంది. దిగాయి.

వారం తర్వాత ప్రేమలత మా హాస్టల్ మెట్ల దగ్గరికి వచ్చి కబురు పంపింది. తిడుతుందనుకుని నాలుగు సాకులు సిద్ధం చేసుకుని దిగాను.

"సప్లిమెంటరీ పదిహేనో తారీకున ఉందంట," అంది. "నీ రికార్డు జర ఇయ్యి. ఎక్కించుకుంట."

"నేను సార్‌తోని మాట్లాడ్త. నిజం చెప్త," అన్నాను.

"ఇప్పుడు చెప్పి ఏం చేస్తవ్ విజయ్? కంపెనీ వచ్చిపాయె. అమ్మ నిన్న పుణె బస్సెక్కె. రికార్డియ్యి."

తిట్టినా బాగుండేది. పైకి పోయి రికార్డు తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె అక్కడే మెట్ల మీద కూర్చుని, ఒక్క అంకె తప్పు పోకుండా, గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. అయిపోయేదాకా నేను పక్కన నిలబడే ఉన్నాను. కూర్చోమని ఆమె అనలేదు.